ఫ్లష్ ట్యాంకు చెమట: శ్రీహరికోట గాలికి పనికిరాని తొమ్మిది సలహాలు

ఉక్కపోత రోజుల్లో ఫ్లష్ ట్యాంకు ఒళ్ళంతా నీటి చుక్కలు పట్టి, కింద గచ్చు మీద మడుగు కడుతోందని ఎవరితోనైనా అని చూడండి. చిట్కాలకు కొదవ ఉండదు. లోపల థర్మాకోల్ అంటించమని ఒకరు, వేడినీళ్ళ కనెక్షన్ ఇమ్మని ఇంకొకరు, ఉప్పు గిన్నె పెట్టమని, రాత్రింబగళ్ళు కిటికీ తీసి ఉంచమని మరొకరు. వీటిలో చాలావాటికి ఎక్కడో ఒకచోట అర్థం ఉంది. మన తీరంలో మాత్రం అవి ఎదురు తిరుగుతాయి. శ్రీహరికోట, సూళ్ళూరుపేట, తడ వైపు ఇళ్ళల్లో ట్యాంకు తడవడానికి కారణాలు వేరు. కారణం వేరైతే మందూ వేరే ఉండాలి కదా.

ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది గానీ గాలి మారలేదు. శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు. ఆ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీదుగానే సూళ్ళూరుపేట నుంచి దీవిలోకి వెళ్ళాలి. రెండు వైపులా ఉప్పునీరే. ఇలాంటి చోట బాత్రూం తడిని చిన్న విషయమని వదిలేయకూడదు. ఆ తడిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది ఇంట్లో పెద్దవాళ్ళు. ఆ తడికే తలుపు చెక్క ఉబ్బుతుంది, బోల్టు తుప్పు పడుతుంది, గోడ మూలన నల్లటి బూజు పుడుతుంది.

నేను చెప్పదలచింది ఒక్కటే. మన దగ్గర ఫ్లష్ ట్యాంకు తడిస్తే మొదట లీకును అనుమానించండి. ఆ తర్వాత ఉప్పును, ఆ తర్వాత ఏసీని, గీజరును. ట్యాంకు నీళ్ళ చల్లదనాన్ని అన్నిటికన్నా చివర అనుమానించండి. జనం చెప్పే సలహాలన్నీ ఈ వరసను తలకిందులు చేసి, చివరిదాని దగ్గర మొదలవుతాయి.

ముందు చెమట లెక్క

గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలి ఒక హద్దు కన్నా చల్లబడితే ఆవిరి నీరుగా మారుతుంది. ఆ హద్దునే డ్యూ పాయింట్ అంటారు. ఫోన్లలో వాతావరణం చూపించే యాప్‌లు చాలావరకు దీన్నీ చూపిస్తాయి. గాలి 32 డిగ్రీలు ఉండి, తేమ 75 శాతం ఉంటే డ్యూ పాయింట్ సుమారు 27. అంటే ఆ గదిలో 27 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువూ చెమరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా క్షణాల్లో తడిసేది ఇందుకే.

మరి మన ఫ్లష్ ట్యాంకులోకి వచ్చే నీళ్ళు ఎంత చల్లన? బోరు నీళ్ళ వేడి ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. మన వైపు అది 28, 29 డిగ్రీలు. ఆ నీళ్ళు మిద్దె మీది ట్యాంకుకు ఎక్కి ఎండకు కాగి కిందికి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. 27 డిగ్రీల దగ్గర చెమట మొదలయ్యే గదిలో 30 డిగ్రీల ట్యాంకు చెమర్చదు.

చలి దేశాల్లో సంగతి వేరు. అక్కడ నేలలోంచి వచ్చే నీళ్ళు 10, 15 డిగ్రీలే ఉంటాయి. వేసవిలో గాలి ఉక్కగా మారి డ్యూ పాయింట్ 20 దాటిందంటే ట్యాంకు ధారలు కడుతుంది. వాళ్ళ జబ్బు నిజం, మందు నిజం. ఆ మందును మనం తెచ్చుకుని మన 30 డిగ్రీల నీళ్ళకు వాడుతున్నాం.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. ఆరు లీటర్ల నీళ్ళు డ్యూ పాయింట్ కన్నా మూడు డిగ్రీలు చల్లగా ట్యాంకులో పడ్డాయనుకుందాం. ఆ నీళ్ళు మూడు డిగ్రీలు వేడెక్కగానే చెమట ఆగిపోతుంది. అంతసేపట్లో ట్యాంకు మీద చేరగలిగిన నీరు ఎంత లెక్కగట్టినా సుమారు 30 మిల్లీలీటర్లే, అంటే రెండు పెద్ద చెంచాలు. మామూలుగా అందులో సగం కూడా చేరదు. అదే ఒక వాషరు దగ్గర సెకనుకు ఒక చుక్క కారుతుంటే, ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా, రోజుకు నాలుగు లీటర్ల పైమాటే. కాబట్టి గుడ్డ తడిసేంత నీరైతే చెమట కావచ్చు. మగ్గు నిండుతోందంటే మాత్రం అది లీకే.

తొలి తప్పు: "అది చెమటేలెండి, తుడిస్తే చాలు"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా ఇది. విన్నవాళ్ళకు హాయిగా ఉంటుంది, చెప్పినవాళ్ళకు పని తప్పుతుంది. ఈలోపు బోల్టును తుప్పు లోలోపల తినేస్తూ పోతుంది.

కమోడ్ మీద కూర్చునే పింగాణీ ట్యాంకు అయితే టార్చిలైటు తీసుకుని దాని కిందికి వంగి చూడండి. రెండు బోల్టుల కొసలు కనిపిస్తాయి. లీకైతే వాటి చివర ఒక్క చుక్క వేలాడుతూ ఉంటుంది. పడదు, ఆరదు. వేలితో తుడిస్తే పది నిమిషాల్లో మళ్ళీ అక్కడే, అంతే పరిమాణంలో ఊరుతుంది. బోల్టు చుట్టూ తెల్లటి పొడి గట్టిపడి ఉంటుంది, దాని అంచున ఎర్రటి చార. చెమట ఒక్కచోటే ఊరదు, ట్యాంకు ముఖమంతా సమానంగా సన్నటి చుక్కలుగా పడుతుంది. నీటిమట్టం దాకా పట్టి, దాని పైన ఆగిపోతుంది. పైన పొడిగా, కింద ఒక్క మూలే తడిగా ఉంటే దానికి చెమట అని పేరు పెట్టకండి.

పరీక్ష సులువు. ట్యాంకును పొడిగుడ్డతో పూర్తిగా తుడవండి. మూత తీసి నాలుగు చుక్కలు ఉజాలా నీలం లోపల వేయండి. బోల్టుల కింద, నీళ్ళ పైపు తగులుకునే నట్టు కింద తెల్లకాగితం ముక్కలు పరచండి. అరగంట ఫ్లష్ చేయకండి. కాగితం మీద నీలం మరక పడితే లోపలి నీరు బయటికి వస్తోందని అర్థం. నట్టు కింది కాగితం నీలం లేకుండా ఊరికే తడిసినా లీకే, ఎందుకంటే ఆ పైపులో నీళ్ళు ట్యాంకులోకి ఇంకా చేరనివి. కమోడ్ గిన్నెలోకి నీలం దిగితే అడుగు వాషరు పట్టడం లేదు. అప్పుడు రాత్రంతా నీళ్ళు చప్పుడు లేకుండా పోతుంటాయి, పైనుంచి కొత్త నీళ్ళు దిగుతూనే ఉంటాయి. నీలం ఎక్కడా రాక, ట్యాంకు ముఖం మాత్రం చెమర్చి ఉంటే అప్పుడే అది చెమట.

లీకును తుడిచి ఊరుకోకూడదనే పాఠం శ్రీహరికోటలోనే ఉంది. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ డీ5 రాకెట్ ప్రయోగానికి ఇంకా గంటంబావు కూడా లేని సమయంలో రెండో దశలో ఇంధనం కారుతున్నట్టు బయటపడింది. కౌంట్‌డౌన్ ఆపేశారు. ఇంధనమంతా తోడేశారు, వాహనాన్ని వెనక్కి తీసుకుపోయారు, ఆ దశనే మార్చారు. 2014 జనవరి 5న అదే రాకెట్ దేశీయ క్రయోజెనిక్ ఇంజనుతో విజయవంతంగా ఎగిరింది. ఆ దీవికి పక్క ఊళ్ళో ఉంటూ మనం బోల్టు లీకు మీద గుడ్డ కప్పడం తగదు.

రెండో తప్పు: "ట్యాంకు లోపల థర్మాకోల్ అంటించండి"

చలి దేశాల చిట్కాల్లో ఇది రాజు. ట్యాంకు ఖాళీ చేసి ఒక రోజంతా ఆరబెట్టి, లోపలి గోడలకు నురుగు పలకలు అంటిస్తారు. చల్లటి నీటికీ పింగాణీకీ మధ్య అడ్డు వస్తుంది కాబట్టి బయటి ముఖం చల్లబడదు. సూత్రం సరైనదే. ఆ సూత్రం ఎక్కడ అవసరమో శ్రీహరికోట ప్రయోగ వేదిక మీద చూడండి.

ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో ద్రవ హైడ్రోజన్ ఉంటుంది, దాని ఉష్ణోగ్రత మైనస్ 253 డిగ్రీలు. పక్కనే మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్. బయట 30 డిగ్రీల సముద్రపు గాలి. ప్రయోగానికి ముందు రాకెట్ చుట్టూ తెల్లగా కిందికి జారే పొగ టీవీలో చూసే ఉంటారు. అందులో మంట పొగ లేదు, ఆ చలికి మన గాలిలోని తేమే మబ్బుగా మారుతుంది. ద్రవ హైడ్రోజన్ పైపుకు కప్పు లేకపోతే నీటి ఆవిరే కాదు, గాలే ద్రవంగా మారి కారుతుంది. అందుకే అక్కడ నురుగు కప్పులు, మధ్యలో శూన్యం ఉంచిన జోడు గోడల పైపులు. లోపలికీ బయటికీ 280 డిగ్రీల తేడా ఉన్నచోట ఆ కష్టం పడక తప్పదు. మన ట్యాంకు దగ్గర తేడా కొద్ది డిగ్రీలే, అదీ ఏడాదిలో కొన్ని ఉదయాలు మాత్రమే.

ఆ కాస్త లాభానికి థర్మాకోల్ తెచ్చే నష్టం పెద్దది. జిగురు వదిలి, పలక అంచు విరిగి, తెల్ల గింజలు వాల్వు కిందికి చేరతాయి. వాల్వు మూసుకోదు, నీళ్ళు ఆగవు. పైగా నురుగు మందమంత నీరు తగ్గి ఫ్లష్ బలం పోతుంది, ఒకసారికి బదులు రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది. కొత్త ట్యాంకు కొనే అవసరమే ఉంటే ప్లాస్టిక్‌ది తీసుకోండి. ప్లాస్టిక్ గుండా చల్లదనం పింగాణీ గుండా పోయినంత తేలిగ్గా పోదు. గోడలో దాచే రకమైతే లోపల నురుగు తొడుగు ఉన్నదే అడగండి, ఎందుకంటే అక్కడ పడే చెమట కంటికి కనిపించకుండా గోడను నానబెడుతుంది.

మూడో తప్పు: "ట్యాంకుకు వేడినీళ్ళ పైపు కలపండి"

10 డిగ్రీల నీళ్ళు వచ్చే ఊళ్ళో వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే వాల్వు పెట్టుకుంటారు. మన దగ్గర ఆ పని సూర్యుడు మిద్దె మీద ఉచితంగా చేసి పెడుతున్నాడు. గీజరు నీళ్ళను ఫ్లష్‌లో పోయడమంటే కరెంటు బిల్లును కమోడ్‌లో పోయడమే. అంతేకాదు, ట్యాంకులోని వేడి నీళ్ళు ఆవిరై మూత కిందా, బాత్రూం గాలిలోనూ తేమను ఇంకా పెంచుతాయి. రబ్బరు వాషర్లు తొందరగా పాడవుతాయి. ఏ కాలంలోనూ ఈ తీరానికి ఈ సలహా పనికిరాదు.

మన వైపు గీజరే అసలు దోషి అయ్యే రోజులు మాత్రం ఉన్నాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మిద్దె మీది నీళ్ళు 22, 23 డిగ్రీలకు దిగుతాయి. అదే సమయంలో తలుపు మూసుకుని వేడినీళ్ళ స్నానం చేస్తాం. గది గాలి 30 డిగ్రీలకు, తేమ 95 శాతానికి చేరితే డ్యూ పాయింట్ 29. అద్దం, కుళాయి, ఫ్లష్ ట్యాంకు మూడూ ఒకేసారి చెమరుస్తాయి. అప్పుడు చేయవలసింది నీళ్ళను వేడి చేయడం కాదు, ఆవిరిని బయటికి పంపడం. స్నానం మొదలుపెట్టేటప్పుడే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, అయ్యాక ఇంకో ఇరవై నిమిషాలు తిరగనివ్వండి. తలుపు కింద వేలెడు సందు ఉండాలి. లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ తిరిగినా ఆవిరి కదలదు.

నాలుగో తప్పు: "ఒక గిన్నెలో రాళ్ళ ఉప్పు పెట్టండి, తేమంతా పీల్చేస్తుంది"

ఈ సలహా వేరే ఊళ్ళో ఎంతో కొంత పనిచేయవచ్చు. శ్రీహరికోట గాలిలో ఇది నిలువునా అపకారం. తేమ 75 శాతం దాటగానే ఉప్పు నీరు పీల్చుకుని తానే కరిగిపోవడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలూ ఉంటాయి కాబట్టి ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ అడుగున నీరు తేరడం మన ఇళ్ళల్లో అందరూ చూసేదే. అది పీల్చగలిగేది చెంచాడు నీరు. కిటికీలోంచి వచ్చి పడేది బంగాళాఖాతం మీదుగా వచ్చిన గాలి. ఆ గాలిని గిన్నెడు ఉప్పుతో ఎలా ఆరబెడతాం?

ఈ చిట్కా వెనక పెద్ద ప్రమాదం ఉంది. ట్యాంకు మూత మీద పెట్టిన గిన్నెలో కరిగిన ఉప్పునీరు పొర్లి బోల్టు దాకా కారుతుంది. ఇనుముకు ఉప్పునీటిని మించిన శత్రువు లేదు.

ఉప్పు మనం పెట్టకపోయినా సముద్రపు గాలితో ఎలాగూ వస్తుంది. తీరం దగ్గరి ఇంట్లో ట్యాంకు మూతను నాలుగు వారాలు తుడవకుండా వదిలేసి, తర్వాత వేలితో రాయండి. జిడ్డులాంటి సన్నటి పొర తగులుతుంది. అందులో దుమ్ముతోపాటు ఉప్పు ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం ట్యాంకు చల్లగా లేకపోయినా చెమ్మగానే ఉంటుంది, ఎందుకంటే ఉప్పు డ్యూ పాయింట్ దాకా ఆగదు, 75 శాతం తేమ దగ్గరే నీరు లాగేస్తుంది. "ఎంత తుడిచినా జిగటగానే ఉంటోంది" అని ఈ వైపు ఇల్లాళ్ళు చెప్పే మాటకు కారణం ఇదే. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే ఉప్పు కరిగి అక్కడే పరుచుకుంటుంది. వారానికి ఒకసారి మంచినీళ్ళతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి తుడవండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న ఇంట్లో కడగడానికి తాగేనీళ్ళు ఒక చెంబెడు వాడండి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యాసంలో శ్రీహరికోట ఇంటికి అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇదే.

ఐదో తప్పు: "కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచండి, గాలి ఆడితే ఆరిపోతుంది"

గాలి ఆడటం మంచిదే, ఏ గాలి అన్నది చూసుకోవాలి. మే నెలలో పొద్దుటిపూట పడమటి గాలి వీస్తుంది. పులికాట్ చాలామేర ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఆ గాలి వేడిగా, పొడిగా వస్తుంది. అప్పుడు కిటికీ బార్లా తీయండి, అరగంటలో బాత్రూం ఆరుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. ఒంటికి హాయిగా ఉంటుంది, వేడి తగ్గుతుంది, తేమ మాత్రం పెరుగుతుంది. అప్పుడు బాత్రూం కిటికీ సగం మూయండి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడుతున్నప్పుడు బయటి గాలే నీటితో నిండి ఉంటుంది. ఆ రోజుల్లో కిటికీ వల్ల ఆరేది ఏమీ ఉండదు. లోపల ఫ్యానుతో గాలిని తిప్పడమే మేలు.

గుర్తు సులువే. ఆరేసిన బట్టలు ఆరుతున్న గాలి అయితే కిటికీ తీయండి. బట్టలు ఆరని గాలి బాత్రూంనూ ఆరబెట్టదు.

ఆరో తప్పు: "బాత్రూం తలుపు తీసి ఏసీ వేయండి, తేమ లాగేస్తుంది"

ఏసీ తేమ లాగే మాట నిజం. ఆ ఏసీ తన పడకగదికి సరిపడా ఉంటుంది. బాత్రూం కిటికీ తెరిచి ఉండగా తలుపూ తీస్తే బయటి తేమ పడకగదిలోకి వస్తుంది, ఏసీ చల్లదనం ట్యాంకుకు పడుతుంది. పొద్దున్నే ఏసీ ఆపి పడకగది కిటికీ కూడా తీయగానే చల్లబడి ఉన్న ట్యాంకు మీదికి సముద్రపు గాలి వచ్చి తగులుతుంది. చెమట పట్టక ఏమవుతుంది?

దీనికి ఇంకో రూపం ఉంది. పడకగదికీ బాత్రూంకీ మధ్య గోడ నాలుగున్నర అంగుళాలదై, ట్యాంకు ఆ గోడకు ఆనుకుని ఉంటే, ఏసీని 18 దగ్గర పెట్టిన రాత్రి ఆ గోడ అవతలి ముఖం చెమర్చే దాకా చల్లబడుతుంది. ట్యాంకు వీపు గోడకు ఆనుకున్నచోట గాలి ఆడదు కాబట్టి అక్కడే తడి మొదలై కిందికి జారుతుంది. ఇంటివాళ్ళు ప్లంబర్‌ను పిలుస్తారు, ఆయన వాషరు మార్చి పోతాడు, తడి మాత్రం పోదు. ఇది గోడ చెమటా, గోడలో లీకా అని తేల్చుకోవడానికి అరచేయంత పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు అంచులా టేపు వేసి అంటించండి. ఒక రాత్రి గడిచాక పాలిథిన్ పైముఖం తడిస్తే గాలిలోని తేమ. లోపలి ముఖం తడిస్తే గోడలోనే నీరుంది.

మందు తేలిక. ఏసీని 24 కన్నా కిందికి దించకండి, ఫ్యాను కలిపి వాడండి. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలుకావాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. కరెంటు పొదుపు కోసం పెట్టిన నిబంధన అది, గోడ చెమటకు కూడా సరిగ్గా సరిపోతుంది. బాత్రూం తలుపు మూసే ఉంచండి. ట్యాంకు మళ్ళీ బిగించే అవకాశం వస్తే గోడకూ ట్యాంకుకూ మధ్య వేలెడు సందు విడవమనండి.

ఏడో తప్పు: "ఏసీ నీళ్ళు పారబోయకండి, ఫ్లష్ ట్యాంకులో పోయండి"

నీటి పొదుపు కోరేవాళ్ళు మంచి మనసుతో చెప్పే సలహా ఇది. ఏసీలోంచి కారే నీరు గాలిలోని తేమే. అందులో ఉప్పు దాదాపు ఉండదు, ఫ్లష్‌కు చక్కగా పనికొస్తుంది. చిక్కంతా దాని చల్లదనంతోనే. కాయిల్ మీంచి అప్పుడే దిగిన నీళ్ళను తెచ్చి ట్యాంకులో పోస్తే డ్యూ పాయింట్‌కు ఎంతో దిగువన ఉన్న నీళ్ళు పోసినట్టే. చలి దేశపు జబ్బును చేతులారా ఇంట్లోకి తెచ్చుకోవడమే అది. ఆ నీళ్ళను బకెట్‌లో రెండు మూడు గంటలు ఉంచి, గది వేడికి వచ్చాక వాడండి. నేల తుడవడానికీ మంచివే.

ఏసీ గొట్టాన్ని బాత్రూంలోకి దించిన ఇళ్ళల్లో ఆ గొట్టం కూడా చెమరుస్తుంది. అది ట్యాంకు మీదుగా పోతుంటే చుక్కలు ట్యాంకు మీదే పడతాయి, నింద ట్యాంకుకు వస్తుంది. గొట్టానికి నల్ల నురుగు తొడుగు వేయించండి. థర్మాకోల్ ట్యాంకులో పెట్టమన్న సలహా తప్పు గానీ ఈ గొట్టానికి నురుగు తొడగడం ముమ్మాటికీ ఒప్పు.

ఎనిమిదో తప్పు: "ట్యాంకులో ఒక ఇటుక వేయండి"

నీళ్ళు తక్కువ పడతాయి, చెమటా తగ్గుతుంది అంటారు. ఇటుక నీళ్ళలో నాని పొడి రాలుతుంది. ఆ ఇసుక వాషరు కింద చేరి లీకు మొదలవుతుంది. లీకైన కొద్దీ కొత్త నీళ్ళు దిగుతూ ఉంటాయి, పొదుపు కాస్తా దుబారా అవుతుంది. చోటు తగ్గించాలంటే నీళ్ళు నింపి మూత బిగించిన ప్లాస్టిక్ సీసా చాలు, అదీ లోపలి బంతికి తగలకుండా పెట్టాలి. అంతకన్నా మేలైన దారి రెండు బొత్తాల ఫ్లష్.

తొమ్మిదో తప్పు: "పైన ఏదో ఒకటి పూసేయండి, కప్పేయండి"

ఆముదం పూయమనేవారున్నారు, మైనం రుద్దమనేవారున్నారు, వార్నిషు వేయమనేవారున్నారు. ఏ పూతైనా చేసేది చుక్క ఆకారాన్ని మార్చడమే. పరుచుకునే నీరు గుండ్రటి బొట్లుగా నిలుస్తుంది, అవి తొందరగా జారిపడతాయి. పైపొర చల్లగా ఉన్నంతకాలం చెమట ఆగదు. మూత మీద టర్కీ తువ్వాలు కప్పమనడం ఇంకా చెడ్డ సలహా. ఆ తువ్వాలు ఎప్పటికీ ఆరదు, ముక్కవాసన వేస్తుంది, దాని కింద బూజు పుడుతుంది.

వీటన్నిటిలో ప్రమాదకరమైనది, బోల్టు దగ్గర కారుతుంటే బయటినుంచి ఎంసీల్ పెట్టేయడం. లీకు లోపలి వాషరు దగ్గర ఉంటే బయట ముద్ద పెట్టి లాభం లేదు. నీరు ముద్ద వెనక నిలిచి బోల్టును ఇంకా వేగంగా తినేస్తుంది. తుప్పు కంటికి కనిపించకుండా పోతుంది, ఒకరోజు ట్యాంకే ఒరుగుతుంది. బోల్టును బలంకొద్దీ బిగించమనడమూ ఇలాంటిదే. పింగాణీ సాగదు, పగులుతుంది. సరైన పని ఇది: నీళ్ళు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, పాత బోల్టులు తీసేయండి. ఇత్తడివి గానీ, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ కొత్త రబ్బరు వాషర్లతో వేయించండి. మామూలు స్టీలు కన్నా 316 రకం ఉప్పు గాలికి బాగా తట్టుకుంటుంది. చేత్తో బిగించి, ఆపైన పానాతో ఒకటి రెండు చిన్న తిప్పులు, రెండు బోల్టులూ వంతులవారీగా. "సార్, ఇనప బోల్టు అయినా నడుస్తుంది" అని ప్లంబర్ అంటే ఒప్పుకోకండి. వేరే ఊళ్ళో నడవచ్చు, సముద్రం ఒడ్డున నడవదు.

ఏ నెలలో ఏం చేయాలి

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ట్యాంకు తడిస్తే దాన్ని చెమట అనుకోకండి. నీలం వేసి చూడండి, ఆపైన ఏసీ గోడను చూడండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి ఉప్పు పొర కడిగి తుడవడం మానకండి. అక్టోబరు, నవంబరు వానల్లో కిటికీ కన్నా ఫ్యాను ముఖ్యం, గోడ మూలల్లో బూజు కనిపించగానే శుభ్రం చేయాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గీజరు ఆవిరిని బయటికి పంపాలి. అప్పుడు కూడా పొద్దున ఒక పొడిగుడ్డ తుడుపుతో సరిపోయే చెమటే పడుతుంది.

సెలవులకు ఇల్లు తాళం వేసి వెళ్ళేటప్పుడు ట్యాంకు పక్కన ఉండే యాంగిల్ కాక్ మూసి, ఒకసారి ఫ్లష్ నొక్కి, ట్యాంకు ఖాళీ చేసి వెళ్ళండి. డెంగీ మోసే ఈడిస్ దోమకు కదలకుండా నిలిచిన ఆ నీళ్ళే ఇల్లు. సరిగా మూతపడని ట్యాంకూ, దాని కింది మడుగూ రెండూ దానికి చాలు.

ఎవరు ఏ చిట్కా చెప్పినా, అది చెప్పిన ఊళ్ళో కుళాయి నీళ్ళు ఎంత చల్లగా వస్తాయో ముందు అడగండి. మీ ట్యాంకు తడిగా ఉంటే ఈ సాయంత్రమే నాలుగు చుక్కల నీలం వేసి, తెల్లకాగితం పరిచి, అరగంట ఆగండి. కాగితానికి నీలం అంటితే రేపే బోల్టులూ వాషర్లూ మార్పించండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ గచ్చు మీదే నడుస్తారు.